ఒక్కరు తక్కువున్నరు

మా పర్శరాములు మామకు మనుషులను లెక్కపెట్టడం రాదు. ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి గురించి సొంత మేనకోడలు ఇట్లా రాయడం బాగుండదు. కానీ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా రోడ్డు పక్కన ఏ హోటల్లో అడిగినా ఈ మాటే చెప్తారు కాబట్టి నేను దాచి లాభం లేదు. బస్సులో నలభై ఒక్కరుంటే మామ లెక్కకు నలభై రెండు రావాలి. అరవై మంది ఉంటే అరవై ఒకటి. పొద్దున లెక్కపెట్టినా అంతే, సాయంత్రం లెక్కపెట్టినా అంతే. రెండు ఎక్కువ రావడం మాత్రం ఎప్పుడూ జరగలేదు. తప్పయినా ఒక పద్ధతి ప్రకారం చేసేవాడు.

బస్సు బయలుదేరే సమయానికి డ్రైవర్ రాజేశం ఇంజన్ స్టార్టు చేసేవాడు. మామ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు పైమెట్టు మీద పెట్టి, విజిల్ పెదవుల మధ్య పట్టుకొని, చూపుడువేలుతో తలలు లెక్కపెట్టేవాడు. చివరి తల దాకా వచ్చాక విజిల్ తీసేవాడు.

"ఆగు రాజేశం! ఒక్కరు తక్కువున్నరు."

"మొదలువెట్టిండు," అని రాజేశం స్టీరింగ్ మీద చెయ్యి కొట్టేవాడు.

"టికెట్లు నలభై రెండు తెంపిన. మనుషులు నలభై ఒక్కరే కనవడుతున్నరు."

"సీటు కింద ఎవలన్న దాసుకున్నరేమో సూడు పర్శన్నా."

"సీటు కింద కోళ్లగంప ఉన్నది. దాన్ని గూడ లెక్కవెట్టాల్నా?"

బస్సంతా నవ్వేది. మామ మళ్లీ వెనక సీటు నుంచి మొదలుపెట్టేవాడు. ఆయన ముందు సీటు దాకా వచ్చేసరికి స్టాండు గేటు దగ్గర నుంచి ఎవరో ఒకరు చెయ్యి పైకెత్తి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని, లేదా పిల్లను చంకలో వేసుకొని ఉరికొచ్చి ఎక్కేవారు. మామ వాళ్ల తల మీద వేలు పెట్టి, "ఆఁ, గిప్పుడు సరిపోయింది," అని విజిల్ ఊదేవాడు. ఇది రోజుకు ఆరు ట్రిప్పులు.

డిపోలో ఆయన పేరే ఒక్కరు తక్కువ పర్శరాములు. ఈ జబ్బుకు కారణం ఏమిటో తేల్చడానికి చాలామంది కష్టపడ్డారు. తాడ్వాయిలో ఎక్కే ఒక సారు, కండక్టరుగా ఒకసారి, మనిషిగా ఒకసారి తనను తాను రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడని చెప్పాడు. చాలా రోజులు అందరూ అదే నమ్మారు. మా వనజత్త మాత్రం కళ్ల మీద అనుమానపడింది. మామను కామారెడ్డి తీసుకుపోయి కళ్లద్దాలు పెట్టించింది. మరుసటి రోజు కూడా బస్సులో ఒకరు తక్కువే.

"అద్దాలు వెట్టుకున్నంక గూడ గదే లెక్క ఏందయ్యా?" అని అడిగింది అత్త.

"ముందుగాల మసకగ కనవడేది. గిప్పుడు సాఫ్‌గ కనవడుతున్నది," అన్నాడు మామ.

అత్తది మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి. ఆమె కోపానికి మరాఠీ కావాలి, నవ్వుకు తెలుగు చాలు. పెళ్లినాడు ఎల్లారెడ్డిలో మగపెళ్లివాళ్ల బస్సు డోంగ్లికి బయలుదేరుతుంటే బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు లేచి ఫుట్‌బోర్డు మీదికి పోయి బస్సు ఆపించాడట. ఒకరు తక్కువున్నరట. పెద్దమనుషులు ముహూర్తం, ముహూర్తం అని తలలు పట్టుకున్నారు. పది నిమిషాలకు సన్నాయి ఆయన సన్నాయి సంచితో రొప్పుకుంటూ వచ్చాడు. అత్త ఆ సంగతి ఇప్పటికీ చెప్తుంది. "సన్నాయి లేకుండ లగ్గమైతదా? గాయన్ను మర్సిపోయింది ఊరంత. లెక్క తప్పినోడే యాదివెట్టుకున్నడు," అని తెలుగులోనే చెప్తుంది.

ఇక నా సంగతి. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు నేను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి రోజూ మామ బస్సులోనే పోయాను. ఏడుంబావు బస్సు. నేను లేచేదే ఆరున్నరకు. అమ్మ జడ వేసేది, నేను అన్నం తినేదాన్ని, ఈ రెండూ ఒకేసారి జరిగేవి. ఏడూ పద్దెనిమిదికి స్టాండులో కాలు పెట్టేదాన్ని. బస్సు ఉండేది. ఐదేళ్లలో ఒక్కరోజు కూడా తప్పలేదు. మా ఇంట్లో నాకు ఉరుకుడు పిల్ల అని పేరు. నేనూ అదే అనుకున్నాను. నా కాళ్లలో ఏదో ఉందని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీ ఆటల పోటీల్లో వంద మీటర్ల పరుగుకు పేరిచ్చాను. ఎనిమిది మందిలో ఎనిమిదో స్థానం వచ్చింది. బూట్లు బాగా లేవని ఇంట్లో చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత మామ రిటైరయ్యాడు. నేను పైచదువుకు ఇంగ్లండులోని లీడ్స్ వెళ్లాను. పట్టా ఇచ్చే రోజుకు ఇంటి నుంచి ఒకరన్నా రావాలని అనుకున్నాను. బాపు దుబాయిలో ఉంటాడు, సెలవు దొరకలేదు. అమ్మ విమానం ఎక్కనన్నది. "నేను పోత," అన్నాడు మామ. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే రోడ్డు మీద తిరిగిన మనిషి, ఆ రోడ్డు అవతల ఏముందో చూస్తానని మూడు వారాలు ఉండటానికి వచ్చాడు. సూట్‌కేసులో అత్త పెట్టిన సకినాలు, మామ పెట్టుకున్న విజిల్. విమానంలో ఏమైందని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"తలుపు వెట్టంగనే అన్న బిడ్డా, ఒక్కరు తక్కువున్నరని. విమానంల పనిచేసే పిల్ల నవ్వి నీళ్లు తెచ్చిచ్చింది."

"మామా, విమానం ఆగదు."

"ఆగలేదు. మరి ఆ ఒక్కరు ఏమయ్యిండ్రో."

లీడ్స్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని యార్క్‌షైర్ అంటారు. రాతి ఊర్లు, పచ్చటి గుట్టలు, పాడుబడ్డ మఠాలు, పాత కోటలు. చూడాలంటే నెల చాలదు. పట్టా తీసుకున్నాక మామను మొదట యార్క్ పట్టణం తీసుకుపోయాను. అక్కడ ఊరి చుట్టూ పాత కోటగోడ ఉంది. గోడ మీద జనం చుట్టూ నడుస్తారు. మామ కాసేపు చేతులు వెనక్కి కట్టుకొని నడిచాడు.

"మన కౌలాస్ కోట గోడ మీద గిట్ల నడవాల్నంటే మేకై పుట్టాలె," అన్నాడు.

మాతో ఒక గైడు, ఇంకో పన్నెండు మంది ఉన్నారు. గోడ దిగే మెట్ల దగ్గర గైడు గొడుగెత్తి అందరినీ పిలిచి, ఇక పోదామన్నాడు.

"సింధూ, ఒక్కరు తక్కువున్నరు అన్నదాన్ని ఇంగ్లీషుల ఏమంటరు?"

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. "వన్ మిస్సింగ్."

"వన్ మిస్సింగ్!" అన్నాడు మామ, తాడ్వాయి స్టాపులో అరిచినట్టు. గైడు భయపడి మళ్లీ లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. ఆయన క్షమాపణ చెప్పి ఇంకోసారి లెక్కపెట్టాడు. అప్పటికి గోడ మలుపు దగ్గర నుంచి ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. మా గుంపు మనిషి కాదు. మెట్లు దిగడానికి ఎవరన్నా చెయ్యి పట్టుకుంటారేమో అని చూస్తున్నాడు. గైడు పట్టుకున్నాడు. మామ నా వైపు చూసి, సరిపోయిందన్నట్టు తల ఊపాడు. నాకు సిగ్గుతో చెవులు కాలాయి. ముసలాయన సంగతి నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాతి గురువారం మేము ఒక రోజు టూరు కోచ్‌లో గుట్టల ఊర్లు చూడటానికి పోవాలి. టికెట్లు నెల ముందే తీసుకున్నాను. సరిగ్గా బుధవారం సాయంత్రం ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూ గురువారం సాయంత్రం ఆరున్నరకు, లాప్‌టాప్ ముందు. అప్పటికి పదిహేడు కంపెనీలు నన్ను వద్దన్నాయి. ఇది ఆఖరిది. నెలాఖరులోగా ఉద్యోగం రాకపోతే నా వీసా అయిపోతుంది. పట్టాతో సహా మామ వెనకే ఎల్లారెడ్డి బస్సెక్కాలి.

"టూరు బంద్ వెడుదాం బిడ్డా," అన్నాడు మామ.

నేను వద్దన్నాను. ఇంట్లో కూర్చుంటే భయంతోనే సగం చచ్చేదాన్ని. పైగా లెక్క చూసుకున్నాను. చివరి ఊరిలో కోచ్ నాలుగుంబావుకు కదులుతుంది. ఆరింటికి లీడ్స్. అక్కడి నుంచి నా గదికి ఇరవై నిమిషాల నడక. పది నిమిషాలు చేతిలో ఉంటాయి. "ఒక్కటే మాట మామా. రేపు నువ్వు ఎవ్వరినీ లెక్కవెట్టొద్దు." మామ సరే అన్నాడు. అత్త మీద ఒట్టు కూడా పెట్టాడు. అత్త మీద ఆయన ఒట్లు చాలా పెడతాడు.

పొద్దున ఒక పాత మఠం చూశాం. ఐదు వందల ఏళ్ల కింద రాజు సన్యాసులందరినీ వెళ్లగొట్టి మఠం మూయించాడట. పైకప్పు లేదు. ఎత్తైన గోడలు, కమానులు, లోపల గడ్డి. మామ గోడల మధ్య నిలబడి పైకి చూశాడు.

"అందరినీ పంపిచ్చిండా?"

"అందరినీ."

"లెక్క సూసి పంపిచ్చిండా, ఊకెనే పంపిచ్చిండా?"

ఈ ప్రశ్నను నేను కోచ్ గైడుకు చెప్తే ఆయన నవ్వి రాసుకున్నాడు. లెక్కల గురించి ఆయన దగ్గర ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం గుట్ట మీద రాతి గోడల మధ్య గొర్రెలు కనపడ్డప్పుడు, ఈ గుట్టల్లో కాపరులు పూర్వం గొర్రెలను లెక్కపెట్టడానికి వేరే మాటలు వాడేవారని చెప్పాడు. యాన్, టాన్, టెథెరా, మెథెరా, పిప్. మామ ముఖం వెలిగిపోయింది. యార్క్‌లో ఆకాశాన్ని తాకే చర్చి చూసినప్పుడు కూడా అంత వెలగలేదు.

"అడుగు బిడ్డా, మందల ఒకటి తక్కువైతే ఏం చేస్తుండిరో అడుగు."

అడిగాను. మిగతావాటిని దొడ్లో పెట్టి, తక్కువైనదాన్ని వెతకడానికి పోయేవారట. దొరికేదాకా ఇంటి తలుపు మూసేవారు కాదట.

"సూసినవా," అన్నాడు మామ. "చదువుకోనోళ్లకు గూడ తెలుసు."

నాలుగుంబావుకు చివరి ఊరిలో కోచ్ ఎక్కాం. ఒక రాతి వంతెన, వంతెన కింద సన్నని ఏరు, పది ఇళ్లు, ఒక హోటలు. ఊరి పేరు పలకడానికి నాకు ఇప్పటికీ నోరు తిరగదు. డ్రైవర్ బ్రయాన్ లావుపాటి మనిషి. కాగితం పట్టుకొని నడుమ దారిలో నడిచి లెక్కపెట్టాడు. ముప్పై ఆరు. కాగితంలో ముప్పై ఆరు. వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. అప్పుడు చూశాను, నా పక్క సీటు ఖాళీగా ఉంది. మామ ముందు తలుపు దగ్గర కింది మెట్టు మీద ఉన్నాడు. ఒక కాలు కింద, ఒక కాలు పైన.

"వన్ మిస్సింగ్," అన్నాడు మామ.

బ్రయాన్ కాగితం చూపించాడు. మామ కాగితం చూసి, దాన్ని గౌరవంగా ఆయనకే ఇచ్చి, "థర్టీ సెవెన్," అన్నాడు.

నేను పరుగున ముందుకు పోయాను. "మామా, ఏం చేస్తున్నవ్? అత్త మీద ఒట్టు వెట్టినవ్!"

"మీ అత్తకు ఏంగాదు. గట్టి మనిషి."

"నా ఇంటర్వ్యూ, మామా!"

"యాదికున్నది బిడ్డా. ఒక్క నిమిషం."

తలుపు మీటతో మూసుకునేది. మెట్టు మీద మనిషి నిలబడితే మూసుకోదు. బ్రయాన్ మీట నొక్కాడు, తలుపు మామ భుజానికి తగిలి వెనక్కి పోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ పోయింది. కామారెడ్డి స్టాండులో ఫుట్‌బోర్డు మీద ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డ భుజం అది. వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో గడియారం చూశారు. మామ వెనక్కి తిరిగి, వేలు చూపిస్తూ, యాన్, టాన్, టెథెరా అని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నలుగురైదుగురు నవ్వారు. ఒకాయన పిప్ అని అందించాడు. నేను మాత్రం ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. నాలుగూ ఇరవై ఒకటి. చేతిలో ఉన్న పదిలో ఆరు నిమిషాలు పోయాయి.

ఇరవై మూడుకు వంతెన మీద ఒక ముసలామె కనపడింది. తెల్ల జుట్టు, నీలం కోటు, రెండు చేతుల్లో గుండ్రటి పెద్ద రేకుడబ్బా. ఉరుకుతోంది అనాలి కానీ, చేతుల్లో డబ్బా కదలకుండా ఉరకడం ఎట్లాగో మీరే ఊహించుకోవాలి. మామ చెయ్యి ఊపాడు. "దా, దా! మెల్లగ రా అవ్వా, పడతవ్!"

ఆమె పేరు డోరీన్. స్కిప్టన్ అనే ఊర్లో చెల్లెలికి ఎనభయ్యో పుట్టినరోజు. డబ్బాలో కేకు. ఆమె ఎక్కాల్సిన బస్సు మేము వచ్చేముందే పోయింది, మా కోచ్‌ను చూసి అదే అనుకుని ఉరికొచ్చింది. ఆ ఊరి నుంచి మళ్లీ బస్సు రేపే. ఇది టూరు కోచ్ అని, మధ్యలో ఎవరినీ ఎక్కించకూడదని బ్రయాన్ ఆమెకు చెప్పాడు. ఆమె తల ఊపి, అర్థమైందని, వెనక్కి తిరిగింది. మామ మెట్టు మీద నుంచి కదల్లేదు.

"ఏమంటున్నడు?"

"ఇది ఆ బస్సు కాదంటున్నడు."

"స్కిప్టన్ మీదికెళ్లి పోతదా, పోదా?"

"పోతది."

"మరి?" అని మామ బ్రయాన్ వైపు తిరిగి, డబ్బాను, ఆమెను, నా పక్క సీటును వరుసగా చూపించాడు. తర్వాత తనను తాను చూపించుకుని, నిలబడతానని సైగ చేశాడు. బ్రయాన్ కోచ్ మొత్తాన్ని అద్దంలో చూశాడు. కోచ్ మొత్తం ఆయన్నే చూస్తోంది. ఆయన ఊపిరి వదిలి, స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. అచ్చం రాజేశం కొట్టినట్టే. డోరీన్ ఎక్కింది. మామ ఆమె తల మీద వేలు పెట్టి, "థర్టీ సెవెన్," అని, జేబులో నుంచి విజిల్ తీసి ఊదాడు. గొర్రెలు తలెత్తి చూశాయి. కోచ్ కదిలింది.

ఊరు దాటాం. మామ నా సీటు పక్కన కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. డోరీన్ కిటికీ పక్కన డబ్బాను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"ముప్పై ఏడు ఎట్ల వచ్చింది మామా నీకు?"

"లెక్కవెడితే."

"ముప్పై ఆరే ఉన్నరు. నేను గూడ లెక్కవెట్టిన."

"నువ్వు లోపటున్నోళ్లను లెక్కవెట్టినవ్. ఉరికొచ్చేటోళ్లను ఎవలు లెక్కవెట్టాలె?"

నేను ఆయన ముఖం చూశాను. చాలా మామూలుగా ఉంది.

"అంటే, మన బస్సుల గూడ గిదేనా?"

"మరి? లోపటికి సూసుటానికైతే సీట్లున్నయ్. ఫుట్‌బోర్డు ఎందుకుంటది?"

"టికెట్లు నలభై రెండు తెంపిన అని అందరి ముంగట ఒర్లుతుంటివి గదా!"

మామ నవ్వాడు. "ఆ నలభై రెండో మనిషి ఎక్కినంక ఏం జేస్తుండె? టికెట్ తీసుకుంటుండె. ముందే తెంపిన టికెట్ అయితే మళ్ల ఎందుకు తీసుకుంటడు? ముప్పై ఒక్క ఏండ్లు సింధూ. బస్సుల సార్లున్నరు, వకీళ్లున్నరు. ఒక్కరన్న అడిగిండ్రా?"

నేను స్టూడెంట్ పాసు మనిషిని. నాకు టికెట్ తీసుకునే అవసరం కూడా రాలేదు.

"ఉన్నదున్నట్టు చెప్తే అయిపోవు గదా. ఒకామె వస్తున్నది, ఆగుమని."

"చెప్పిన, కొత్తల. మేమేం పనిలేనోళ్లమా అని లేచిండ్రు అందరు. ఆమె ఎక్కినంక ఆమెను గూడ అన్నరు. పాపం, తాడ్వాయి దాక తల ఎత్తలే. గందుకే లెక్క తప్పిన. కండక్టర్‌కు లెక్క రాదంటే నవ్వుకుంట కూసుంటరు. వచ్చినోళ్లను ఎవ్వరు ఏమనరు. అనాల్నంటే నన్నంటరు."

"రాజేశం మామకు తెలుసా?"

"తెల్వకుంటే ఇంజన్ చాలు జేసి గేరు వెయ్యక ఎందుకు కూసుంటడు?"

స్కిప్టన్‌లో డోరీన్ దిగేటప్పుడు డబ్బా మూత తీసి, చెల్లెలి కోసం చేసిన కేకులో ఒక ముక్క కోసి మామకు ఇచ్చింది. మామ దాన్ని రెండు చేసి సగం బ్రయాన్‌కు ఇచ్చాడు. కోచ్ మళ్లీ కదిలాక నాకు అసలు సంగతి తట్టింది. ఏడుంబావు బస్సు. ఏడూ పద్దెనిమిది. ఐదేళ్లు.

"మామా. మరి నేను?"

మామ కిటికీలో నుంచి గొర్రెలను చూడటం మొదలుపెట్టాడు.

"మామా!"

"నీది మంచి ఉరుకుడే బిడ్డా."

"కాలేజీల ఆఖర్న వచ్చిన."

"బూట్లు మంచిగ లేకుండె," అన్నాడు మామ, గొర్రెల మీద నుంచి చూపు తిప్పకుండా.

లీడ్స్ చేరేసరికి ఆరూ పదకొండు. మామకు తాళంచెవి ఒకటి ఇచ్చి మెల్లగా రమ్మని, నేను ఉరికాను. ఈసారి నా కోసం ఎవరూ ఏదీ ఆపలేదు కాబట్టి ఇది నా జీవితంలో మొదటి నిజమైన పరుగు అనుకోవాలి. మెట్లెక్కి, లాప్‌టాప్ తెరిచి, జుట్టు సర్దుకునేసరికి ఆరూ ఇరవై తొమ్మిది. తెర మీద నా ముఖం ఒక్కటే ఉంది. ఆరున్నర అయింది. ఆరూ ముప్పై ఐదు. అవతల ఎవరూ లేరు. కట్ చేద్దామా, మెయిల్ పెడదామా అని చెయ్యి మౌస్ మీదికి పోయింది. అప్పుడే మామ తలుపు తీసుకుని వచ్చి, తెర చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏందట?"

"ఒక్కరు తక్కువున్నరు," అన్నాను.

"అయితే ఆగు," అని మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆరూ నలభై ఒకటికి ఇంటర్వ్యూ చేసే ఆమె తెర మీదికి వచ్చింది. జుట్టు చెదిరి, రొప్పుతూ. పిల్లల బడి దగ్గర ఆలస్యమైందట, నేను వెళ్లిపోయి ఉంటాననుకుందట. ఫర్వాలేదు, నేనూ ఇప్పుడే ఉరికొచ్చానని చెప్పాను. ఇద్దరం ముందు ఊపిరి తీసుకున్నాం. ఉద్యోగం వచ్చింది.

అది జరిగి ఏడాదిన్నర. మొన్న సెలవు మీద వచ్చినప్పుడు నేనూ మామా కామారెడ్డి స్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కాం. రాజేశం మామ కూడా రిటైరయ్యాడు. కొత్త డ్రైవర్, కొత్త కండక్టర్. కండక్టర్ పేరు భీమేష్ అని చొక్కా మీద ఉంది. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతిలో టికెట్ మిషన్. ఆడవాళ్లకు ఇప్పుడు ప్రయాణం ఉచితం కాబట్టి జీరో టికెట్, మగవాళ్లకు డబ్బు టికెట్. చకచకా కొట్టాడు. మిషన్ చూశాడు, తలలు చూశాడు. రెండూ ఒకటే వచ్చాయి.

మామ నా చెవి దగ్గర అన్నాడు. "మంచి పిలగాడే. లెక్క తప్పడు. గదే బాధ."

రిటైరైనవాళ్లు బస్సుల్లో పెత్తనం చేయొద్దని మామకు డిపోలో ఎవరో మర్యాదగా చెప్పారట. అప్పటి నుంచి ఆయన బస్సెక్కితే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాడు. ఇప్పుడూ అట్లాగే కూర్చున్నాడు. భీమేష్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. నేను కిటికీలో నుంచి చూశాను. స్టాండు గేటు దగ్గర ఒక పెద్దామె నెత్తి మీద తునికాకు కట్టతో వస్తోంది. ఉరుకుతున్నానని అనుకుంటోంది. మామ కూడా చూశాడు. నన్ను చూశాడు. తొడల కింద చేతులు కదిలాయి కానీ నోరు కదల్లేదు.

నేను లేచి నిలబడ్డాను.

"అన్నా, ఆగు! ఒక్కరు తక్కువున్నరు."

భీమేష్ విజిల్ తీశాడు. "ఎవలమ్మా?"

"నా ఎనక సీటామె. టికెట్ తీసుకొని నీళ్లకు దిగింది."

"నేను లెక్కవెట్టిన గదమ్మా, సరిపోయింది."

"మళ్లొక్కసారి లెక్కవెట్టన్నా."

బస్సులో ఎవరో నవ్వారు. ఇంకెవరో, చదువుకున్నట్టే ఉన్నది, లెక్క రాదేందన్నారు. నాకు చెవులు కాలలేదు. భీమేష్ గొణుక్కుంటూ వెనక నుంచి మొదలుపెట్టాడు. ఆయన ముందుకు వచ్చేసరికి తునికాకు కట్ట తలుపులో నుంచి లోపలికి వచ్చింది, దాని కింద పెద్దామె.

"వచ్చింది సూడన్నా," అన్నాను.

ఆమె నా వెనక సీట్లో కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "సూసినవా బిడ్డా? మంగవ్వ అంటరు నన్ను. అరవై నాలుగేండ్లు. ఇంతవరకు ఒక్క బస్సు తప్పిపోలేదు నాకు. ఉరుకుడంటే నాదే."

"నీ అసొంటి ఉరుకుడు నేను సూడలే అవ్వా," అన్నాడు మామ.

"కాళ్లల్ల ఉండాలె నాయినా."

"ఉండాలె, ఉండాలె."

మంగవ్వ కొంగు ముడిలో నుంచి ఆధార్ కార్డు తీసి భీమేష్ వైపు చాపింది. "ఎల్లారెడ్డి ఒకటి కొట్టు బిడ్డా."

భీమేష్ చెయ్యి మిషన్ మీద ఆగిపోయింది. మంగవ్వను చూశాడు. నన్ను చూశాడు.

"ఈమె టికెట్ తీసుకున్నదంటివి గదమ్మా?"

నేను మామ వైపు చూశాను. మామ నోరు తెరిచి భీమేష్ వైపు చూస్తున్నాడు, ముప్పై ఒక్క ఏళ్లుగా రావాల్సిన మనిషి ఇప్పుడు వచ్చినట్టు. భీమేష్ మిషన్ చూసుకున్నాడు. గేటు వైపు చూశాడు. తునికాకు కట్ట చూశాడు. మెల్లగా జీరో టికెట్ కొట్టి మంగవ్వ చేతిలో పెట్టాడు.

"గిప్పుడు సరిపోయిందా?" అని నన్నే అడిగాడు.

"సరిపోయింది," అన్నాడు మామ.

విజిల్ మోగింది. స్టాండు దాటాక మామ నా మోచేతిని పొడిచి, "అడిగిండు సూసినవా? గీడు పనికొస్తడు," అన్నాడు.

తాడ్వాయిలో ముగ్గురు దిగారు, నలుగురు ఎక్కారు. భీమేష్ టికెట్లు కొట్టి, మిషన్ చూసి, విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు. ఒక కాలు కింది మెట్టు మీద పెట్టి, బయటికి వంగి, రోడ్డు అటు చివర ఒకసారి, ఇటు చివర ఒకసారి చూశాడు.

"ఆగన్నా," అన్నాడు డ్రైవర్‌తో. "ఒక్కరు తక్కువున్నరు."

"మిషన్ల సరిపోలేదా?"

"మిషన్ల సరిపోయింది," అన్నాడు భీమేష్.

నేను కిటికీలో నుంచి తల బయటపెట్టి చూశాను. చాలా దూరంలో, చెప్పులు చేతిలో పట్టుకొని, ఎవరో ఉరికొస్తున్నారు.